చరిత్ర పుస్తకం పట్టుకుని మన ఊరిదాకా రావడం ఎలా

విజయవాడ పుస్తకాల పండగకి వెళ్లొచ్చిన మనవాళ్ల సంచుల్లో ఈ మధ్య నవలలతో పాటు చరిత్ర పుస్తకాలు కూడా కనిపిస్తున్నాయి. యూనివర్సిటీ వాళ్ల కోసం కాకుండా మామూలు పాఠకుల కోసం రాసినవి, కథలాగా చదివించేవి. బడిలో రాజుల పేర్లూ తేదీలూ బట్టీ పట్టి చరిత్ర అంటేనే విసుగు పుట్టినవాళ్లు కూడా వాటిని నిద్ర మానుకుని చదువుతున్నారు. చాలా సంతోషం. కాకపోతే ఎక్కువమంది అక్కడే ఆగిపోతున్నారు, బాగుందని నలుగురికీ చెప్పి అల్మారాలో పెట్టేస్తున్నారు. ఆ పుస్తకంలో దొరికిన కొస పట్టుకుని నెల్లూరు, కావలి, కనిగిరి, ఒంగోలు దాకా రావచ్చు, ఇక్కడ ఎవరూ సరిగ్గా రాయని కథలు ఇంకా బోలెడున్నాయి, వాటిని వెతకడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. ఎలా వెతకాలో నాకు తెలిసినంతవరకు చెప్తాను.

ముందు పుస్తకం ఎంచుకోవడం. షాపులో పుస్తకం చేతిలోకి తీసుకోగానే అట్ట వెనక పొగడ్తలు చదవకండి, చివరి పేజీలు తిప్పండి. ఏ మాట ఎక్కడినుంచి తీసుకున్నారో చెప్పే నోట్స్ ఉన్నాయా, ఊళ్ల పేర్లూ మనుషుల పేర్లూ పేజీ నంబర్లతో ఇచ్చిన పట్టిక ఉందా చూడండి. పట్టిక ఉంటే అక్కడే నిలబడి నెల్లూరు, ఒంగోలు, ఉదయగిరి, మోటుపల్లి అని వెతికేయొచ్చు. నోట్స్ లేనంత మాత్రాన పుస్తకం పనికిరాదని కాదు, కొందరు రచయితలు ఆధారాన్ని కథలోనే కలిపి చెప్తారు, ఫలానా శాసనంలో ఇలా ఉంది, ఫలానా కలెక్టరు రిపోర్టులో ఇలా రాశాడు అని. అదీ చాలు. ఈ రెండూ లేకుండా వెయ్యేళ్ల కిందటి రాజూ రాణీ ఏకాంతంలో ఏం మాట్లాడుకున్నారో మాటకి మాట రాస్తే మాత్రం అది నవల. నవలగా హాయిగా చదువుకోండి, అందులోంచి చరిత్ర తీయకండి. ‘ప్రపంచంలోనే మొట్టమొదటి’, ‘చరిత్రకారులు దాచిపెట్టిన’ అనే మాటలు అధ్యాయానికొకసారి వస్తుంటే కూడా కాస్త జాగ్రత్తగా ఉండండి. కావాలని దాచిపెట్టిన కథలకంటే ఎవరూ వెళ్లి చూడని కథలే ఎక్కువ.

ఇక చదవడం. పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. ఊరి పేరు వచ్చినచోట గీత, సంవత్సరం వచ్చినచోట గీత, అన్నిటికంటే ముఖ్యంగా పేరు లేని మనిషి కనిపించినచోట గీత. ఈ మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు కాబట్టి మన నెల్లూరు కథే ఒకటి చెప్తాను.

రోమ్‌తో మన దేశం చేసిన సముద్ర వ్యాపారం మీద వచ్చిన పుస్తకాల్లో నెల్లూరు పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంటుంది, ఇక్కడ రోమన్ బంగారు నాణేలు దొరికాయని. ఆ వాక్యం ఎక్కడినుంచి వచ్చిందని వెనక్కి వెళితే, అంతకుముందు మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ 1787లో రాసిన ఉత్తరం దగ్గర తేలతాం. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వాళ్లు దాన్ని తమ సంపుటంలో అచ్చువేశారు. నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలి ఇటుకలకి తగిలి ఆగింది. తవ్వి చూస్తే పాడుబడ్డ చిన్న గుడి, దాని కింద ఒక చిన్న కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. రెండో శతాబ్దపు చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్‌ల కాలంవి, ఫాస్టీనా రాణి ముఖం ఉన్నవి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు, చాలా నాణేలు కరిగిపోయాయి, ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా చేతికి మాత్రం కరగకముందే ముప్పైకి పైగా చిక్కాయి. ఇప్పుడు పెన్సిల్ పట్టుకుని చూడండి. చక్రవర్తుల పేర్లున్నాయి, గవర్నరు పేరుంది, నవాబు కొడుకు పేరుంది. ఎడ్లు కట్టి దున్నిన మనిషికి పేరు లేదు. ఆ పొలం ఏ ఊరిదో లేదు, కొన్న కంసాలి ఎవరో లేదు, రైతుకి ఎంత ముట్టిందో లేదు. ఈ ఖాళీలు పుస్తకం మార్జిన్‌లో రాసుకోండి. వాటిల్లో కొన్ని ఎప్పటికీ నిండవు, అయినా రాసుకోవాలి, ఎందుకంటే మరో పుస్తకంలో ఇలాంటి కథే వచ్చినప్పుడు ఏం వెతకాలో మీకు ముందే తెలుస్తుంది.

తర్వాతి పని, చదివినదాన్ని ఇంకో చోట సరిచూసుకోవడం. దీనికి మోటుపల్లిని మించిన ఉదాహరణ మన వైపు లేదు. పాత ప్రకాశం జిల్లా రేవు, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. మార్కోపోలో ఈ తీరం గురించి రాశాడనీ, ఇక్కడి సన్నని బట్టలనీ వజ్రాలనీ పొగిడాడనీ ప్రయాణ కథల పుస్తకాలన్నీ చెప్తాయి. ఈ దేశాన్ని ఏలే రాణి చనిపోయిన రాజుగారి భార్య అని కూడా ఆయన రాశాడు. ఆ రాణి రుద్రమదేవి. శాసనాలు చూస్తే ఆమె గణపతిదేవుడి కూతురు, భార్య కాదు. మార్కోపోలో విన్నది విన్నట్టు రాసుకుపోయాడు, ఆయన్ని నమ్మి రాసిన పుస్తకం ఆ తప్పుని అలాగే మోసుకొస్తుంది. కాబట్టి విదేశీ యాత్రికుడి మాట కనిపిస్తే, అదే కాలానికి చెందిన స్థానిక శాసనం ఉందేమో చూడటం అలవాటు చేసుకోండి.

మోటుపల్లిలో అలాంటి శాసనం ఉంది, వీరభద్రస్వామి గుడిలో. 1244 ప్రాంతంలో గణపతిదేవుడు సముద్ర వర్తకులకి ఇచ్చిన అభయ శాసనం. దాని అనువాదం దొరికితే తప్పకుండా మొత్తం చదవండి. పూర్వపు రాజులు తుపానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవాళ్లనీ, ప్రాణంకంటే ధనమే ఎక్కువనుకుని సముద్రంలోకి దిగినవాళ్ల మీద దయతో తాను న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోననీ చెప్తాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. ఒక రాజు పాత రాజుల దోపిడీని రాతి మీద ఒప్పుకోవడం, ఇంత సూటిగా, నన్ను చదివిన ప్రతిసారీ కదిలిస్తుంది. పాఠ్యపుస్తకంలో దీన్ని ‘విదేశీ వ్యాపారాన్ని ప్రోత్సహించెను’ అని ఒక ముక్కలో తేల్చేస్తారు. మామూలు పాఠకుల కోసం రాసే మంచి చరిత్రకారుడు ఆ ముక్కని విప్పి చూపిస్తాడు, అందుకే ఆ పుస్తకాలంటే నాకు అంత ఇష్టం. అయితే ఆ శాసనంలో కూడా ఓడ యజమానులున్నారు గానీ, అలల్లోంచి సరుకు ఒడ్డుకి చేర్చిన పడవవాళ్లు లేరు. మార్జిన్‌లో ఇంకో గీత.

ఇప్పుడు అసలు చిక్కు. మన జిల్లాల కథలు వెతికేవాళ్లలో సగంమంది ఇక్కడే తప్పిపోతారు. ఒంగోలు గురించి వెతకాలంటే ప్రకాశం జిల్లా అని వెతుకుతారు, పాత కాగితాల్లో ఆ జిల్లానే ఉండదు. ఒంగోలు జిల్లా 1970 ఫిబ్రవరిలో ఏర్పడింది, ప్రకాశం పేరు 1972లో పెట్టారు. అంతకుముందు ఒంగోలు, చీరాల, అద్దంకి వైపు గుంటూరు జిల్లా. కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి నెల్లూరు జిల్లా. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా. ఇంకా వెనక్కి వెళితే గుంటూరు జిల్లా కూడా 1904లోనే ఏర్పడింది, అప్పటిదాకా ఒంగోలు తాలూకా నెల్లూరులో ఉండేది. కాబట్టి 1877లో ఒంగోలులో ఏం జరిగిందో కావాలంటే నెల్లూరు రికార్డు చూడాలి, 1921లో చీరాల పేరాల జనం మున్సిపాలిటీ పన్నులు కట్టేది లేదని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరు ఖాళీ చేసి దాదాపు పదకొండు నెలలు పందిళ్లలో ఉన్న కథ కావాలంటే గుంటూరు రికార్డు చూడాలి. 2022లో మళ్లీ మారి కందుకూరు నెల్లూరులోకి వచ్చింది, గూడూరు, వెంకటగిరి, శ్రీహరికోట తిరుపతి జిల్లాకి పోయాయి. మీరు వెతికే సంవత్సరంలో మీ ఊరు ఏ జిల్లా, ఏ తాలూకాలో ఉందో ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టుకోండి. ఇది చేయకుండా ముందుకి వెళ్లొద్దు.

పేర్లు కూడా అంతే. విదేశీయులు తమకి తోచినట్టు రాశారు. మార్కోపోలో రాతలో మోటుపల్లి ‘ముత్ఫిలి’ అయింది. ఇంగ్లీషువాళ్లకి వాకాడు దగ్గర దుగరాజపట్నం ‘అర్మగాన్’ అయింది. ఈ అర్మగాన్‌లో ఇంగ్లీషువాళ్లు 1626లో వర్తక స్థావరం పెట్టుకున్నారు, అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణానికి వెళ్లి స్థలం సంపాదిస్తే అది మద్రాసు అయింది. మద్రాసు పుట్టుక మీద పుస్తకాలు వచ్చాయి, అర్మగాన్ వాటిల్లో ముందు పేజీల్లో కనబడి మాయమవుతుంది. మ్యాపులో దుగరాజపట్నం అని వెతికితే ఆ కథ దొరకదు, పాత పేరుతో వెతికితేనే దొరుకుతుంది.

ఎక్కడ వెతకాలంటే, ఇంట్లో కూర్చునే మొదలుపెట్టొచ్చు. 1873లో బాస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్, 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి మూడు సంపుటాలుగా వేసిన నెల్లూరు శాసనాలు, రెండిట్లోనూ ఒంగోలు తాలూకా కూడా ఉంటుంది, రెండూ కాపీరైటు తీరిపోయినవే, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఫ్రీగా దొరుకుతాయి. శాసనాల పుస్తకంలో తాలూకావారీగా, ఊరివారీగా ఉంటాయి కాబట్టి ముందు మీ ఊరు చూసుకోండి, లేకపోతే పక్కూరు. సర్వే అధికారి కల్నల్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లాంటి తెలుగువాళ్లు 1800 చుట్టుపక్కల ఊరూరా తిరిగి కరణాలతో చెప్పించి రాయించిన కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, ఇంకో గని. వేటపాలెం సారస్వత నికేతనం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత తెలుగు పత్రికలు ఏళ్లకేళ్లు కట్టలు కట్టి కాపాడారు. వెళ్లేముందు ఏ సంవత్సరం, ఏ నెల కావాలో తేల్చుకుని వెళ్లండి. ‘పాత పేపర్లు చూపించండి’ అంటే వాళ్లూ ఏం చేయలేరు, మీరూ ఏం చూడలేరు. కాగితం ముట్టుకుంటే పొడైపోయే స్థితిలో ఉంటుంది, మెల్లగా తిప్పండి, ఫొటో తీయాలంటే అడిగి తీయండి, పత్రిక పేరూ తేదీ ఉన్న పై భాగాన్ని కూడా తప్పకుండా ఫొటో తీసుకోండి. లేకపోతే ఇంటికొచ్చాక ఆ ముక్క ఎప్పటిదో తెలియక తల పట్టుకోవాలి.

ఇవన్నీ కలిపి ఒక సంఘటనని ఎలా చదవాలో చూపిస్తాను. 1876-78 నాటి పెద్ద కరువు, ధాత కరువు. దీని మీద వచ్చిన పుస్తకాల్లో బ్రిటిష్ ప్రభుత్వం, రిచర్డ్ టెంపుల్ అనే అధికారి, ఖర్చు తగ్గించాలని రోజంతా రాళ్లు కొట్టే మనిషికి పౌను ధాన్యమూ కాస్త చిల్లరా కూలీగా ఖాయం చేయడం ఇవన్నీ వస్తాయి. పౌను అంటే అరకిలో కూడా లేదు. చదివితే కడుపు తరుక్కుపోతుంది. ఇప్పుడు దాన్ని పట్టుకుని ఒంగోలుకి రండి. అప్పుడు అక్కడ అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు. కరువు పనిగా తవ్వుతున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల ముక్క ఆయన కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని ఇచ్చాడు. అందులో ఎక్కువమంది మాదిగలు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మిషన్ చరిత్రల్లో ఇది మహా ఘట్టం. కరువు చరిత్రల్లో దీని ఊసు చాలా తక్కువ. కులం చరిత్ర రాసేవాళ్లు దీన్ని మరో కోణంలో చూస్తారు, గౌరవం కోసం మనుషులు తీసుకున్న నిర్ణయంగా. మూడు రకాల పుస్తకాలు పక్కపక్కన పెట్టుకోండి. ఒకదానిలో ఉన్నది ఇంకోదానిలో ఎందుకు లేదో చూడండి. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో ఒంగోలు వైపు మాదిగలు చెప్పిన కథల్ని ఒక పుస్తకంగా వేసింది. ఆ రోజుల్లో వాళ్ల మాట విని రాసుకున్నవాళ్లు ఎంతమంది? చాలా విలువైనది. అదే సమయంలో ఒక మిషనరీ తన మతం వాళ్లు చదవడానికి రాసినది, అంటే ఏది ఎక్కించిందో, ఏది వదిలేసిందో ఆలోచిస్తూ చదవాలి. నమ్మడం, కొట్టిపారేయడం రెండూ తేలిక. ఎవరు, ఎప్పుడు, ఎవరికోసం చెప్పారని ప్రతి పేజీలో అడగడం కష్టం, ఆ కష్టం పడండి. పడ్డాక పెదగంజాం వైపు వెళ్లి ఆ కాలువ గట్టు మీద నిలబడి చూడండి.

కొత్త కాలానికి కూడా ఇదే పద్ధతి. శ్రీహరికోట గురించి ఏ పుస్తకం తీసినా రాకెట్ల కథ ఉంటుంది, ఉండాలి కూడా, 1971లో అక్కడినుంచి మొదటి రాకెట్ ఎగిరింది. ఆ దీవిలో అంతకుముందు తరతరాలుగా ఉన్న యానాదులు ఎక్కడికి వెళ్లారని వెతకండి. వాళ్లలో కొందరిని ప్రభుత్వం నేరస్తుల తెగ అని చట్టంలో రాసి నిఘాలో పెట్టిన సంగతి, వాళ్ల కోసం పోరాడిన నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య సంగతి అప్పుడు మీ దారిలోకి వస్తాయి.

కాగితం మీద లేనివి నోట్లో ఉంటాయి. పశువుల మేతకి కట్టే పుల్లరి పన్ను దగ్గర మొదలై ఎర్రగడ్డపాడు యుద్ధం దాకా వెళ్లిన కాటమరాజు కథే తీసుకోండి, నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలో తిక్కన ఉన్నాడు, గొల్లల వైపు కథని కొమ్ములవాళ్లు పాడి నిలబెట్టారు. పాటని శాసనంలా తేదీల కోసం వాడొద్దు, ఎవరికి ఏది అన్యాయంగా తోచిందో తెలుసుకోవడానికి వాడండి. మన కళ్లముందు జరిగినది దూబగుంట. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా అంగడి మూయించారు, అక్షరదీపం రాత్రి బడుల్లో అది పాఠమై ఊరూరికీ పాకింది, నెల్లూరులో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలుసు. ఆవిడతో నడిచిన మిగతా ఆడవాళ్లు చాలామంది ఇప్పటికీ ఉదయగిరి, వింజమూరు, కలిగిరి పల్లెల్లో ఉన్నారు, వాళ్లని అడిగినవాళ్లు తక్కువ.

అడగడం ఎలాగంటే, ‘ఉద్యమం గురించి చెప్పండి’ అని మొదలుపెట్టొద్దు. అలా అడిగితే పేపర్లో వచ్చిన మాటలే చెప్తారు. ‘అవ్వా, అంగడి ఏ ఇంటి పక్కన ఉండేది? ప్యాకెట్లు ఎవరు తెచ్చేవాళ్లు? ఆ పొద్దు ఇంట్లో పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి వచ్చినారు?’ అని అడగండి. చిన్న ప్రశ్నకి పెద్ద జవాబు వస్తుంది. ఫోన్‌లో రికార్డు చేయాలనుకుంటే ముందే చెప్పి, సరే అన్నాకే పెట్టండి. పేరు రాయొద్దంటే రాయొద్దు. కులం, తాగుడు, కొట్టడం లాంటివి వచ్చినప్పుడు కొడుకులూ కోడళ్లూ ఎదురుగా ఉంటే టెన్షన్ పడతారు, అప్పుడు ఆపి ఇంకో రోజు వెళ్లండి. ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరిని అడిగి చూడండి, తేడా వస్తే ఎవరిది తప్పని వాదించకుండా రెండూ రాసుకోండి.

రాసేటప్పుడు రెండు మూడు పేజీలు చాలు. చదివినది, విన్నది, మీరు ఊహించినది మూడూ కలిపేయకుండా, ఏది ఏదో పాఠకుడికి తెలిసేలా రాయండి. మీ ఊరిని గొప్ప చేయడానికి ఒక్క ముక్క కూడా కలపొద్దు. అచ్చయినా కాకపోయినా ఒక కాపీ చెప్పినవాళ్ల ఇంట్లో ఇవ్వండి, చదివి వినిపించండి, తప్పులుంటే అక్కడే దిద్దుతారు. ఇంకో కాపీ ఊరి గ్రంథాలయంలో పెట్టండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే, గూడూరు, సైదాపురం, రాపూరు వైపు వాళ్లు అభ్రకంతో మొదలుపెట్టండి. రెండో ప్రపంచ యుద్ధంలో రేడియోలకీ కరెంటు సామానుకీ అభ్రకం కావాల్సి వచ్చింది, యుద్ధం మీద వచ్చిన లావుపాటి పుస్తకాల్లో నెల్లూరు గనులకి చోటు దొరకదు. గనిలోకి దిగినవాళ్లు, షెడ్లలో కూర్చుని పొరలు చీల్చి సైజుల వారీగా ఏరిన ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు మీ వీధిలోనే ఉండొచ్చు. కూలీ రోజుకి ఇచ్చేవాళ్లా తూకానికి ఇచ్చేవాళ్లా, దుమ్ముకి దగ్గు పట్టినవాళ్లని ఏ ఆస్పత్రికి తీసుకెళ్లారు, గని మూతపడ్డాక ఎటు వెళ్లారు, ముందు ఈ మూడూ అడగండి.